నాలుగు గడపల గుర్రం

మా ఊరికల్లా గుర్రం ఒక్కటే ఉండేది. దానికి సొంతదారులు నలుగురం. ఈ మాట చెబితే ఇప్పటి పిల్లలు నవ్వుతారు. నవ్వనీ. ఎద్దునైతే పొద్దున్నే కొండకు తోలేస్తాం, దాని కడుపు అదే చూసుకుంటుంది. గుర్రానికి గడ్డి కోసి పెట్టాలి, ఉలవలు ఉడకబెట్టాలి, ఒళ్ళు రుద్దాలి, నాడాలు కొట్టించాలి. అంత పోషణ ఒక్క కొంపకు ఎక్కడయ్యేది? అందుకే నలుగురం కలిశాం. కలిసినందువల్లే అది బతికింది, కలిసినందువల్లే చచ్చింది.

అక్షరాలు నాకు ముసలితనంలో వచ్చాయి. మెలికలు పెట్టి రాయడం చేతకాదు. జరిగింది జరిగినట్టు రాస్తాను. ఇది గుర్రం కథ అనుకునేరు. మా అప్ప కథ.

అప్ప అంటే మా అక్క. నాకంటే బాగా పెద్దది. పెళ్ళయిన కొత్తలో చింతచెట్టెక్కి కాయ దులుపుతూ కొమ్మ విరిగి పడింది. తుంటి విరిగింది. మా కట్టు వైద్యుడు కట్టిన కట్టుకు ఎముక అతికింది గానీ వంకరగా అతికింది. ఒక కాలు పొట్టిదయింది. మొగుడు ఇంకో ఆడదాన్ని తెచ్చుకున్నాడు. అప్ప ఏడవలేదు, పంచాయితీ పెట్టలేదు. మూట కట్టుకుని మా ఊరొచ్చేసింది. నా ఇంట్లో ఉండమన్నాను. తమ్ముడి పొయ్యిమీద నా కుండ పెట్టనంది. నా ఇంటి పక్కనే ఒక గది గుడిసె వేయించుకుంది.

ఆవిడ బతుకంతా శుక్రవారం సంతలో ఉండేది. ఊళ్ళో ఆడవాళ్ళ దగ్గర చింతపండు, అల్లం, నూనెకాడే వలిసెలు పోగుచేసి సంతకు పట్టుకెళ్ళి కింద మైదానం నుంచి వచ్చే సావుకార్లకు అమ్మిపెట్టేది. తన పాలు తాను తీసుకునేది. మా వాళ్ళు సావుకారు ఎదుట నోరెత్తరు. ఆయన కుంచం మీద గోపురంలా పోగు పెట్టి కొలిచినా చూస్తూ నిలబడతారు. అప్ప మాత్రం ఆ పోగును అరచేత్తో కిందికి తోసేసి, గుడి కట్టాలంటే మీ ఊళ్ళో కట్టుకో బాబూ, నా కుంచం మీద కట్టకు అనేది. సంతంతా నవ్వేది. సావుకారూ నవ్వేవాడు, లోపల ఏమనుకున్నా. అందుకే పక్క ఊళ్ళ ఆడవాళ్ళు కూడా సరుకు ఆవిడ చేతికే ఇచ్చేవారు.

అయితే ఆ కాలితో సంతకు నడవడం ఏడాదేడాదికీ కష్టమైపోయింది. చివరికి ఒక వానాకాలం పూర్తిగా ఆగిపోయింది. ఆ రోజుల్లో నా భార్య ఆవిడ సరుకు తీసుకెళ్ళి అమ్మి డబ్బులు తెచ్చి చేతిలో పెట్టేది. అప్ప వాటిని తీసుకునేటప్పుడు మొహం పక్కకు తిప్పుకునేది. తన సొమ్మే. అయినా ఎవరో పెట్టిన బిచ్చంలా తీసుకునేది.

అప్పుడు వచ్చింది జట్కా.

మా కొండల మధ్య లోయలోకి రైలు వచ్చి అప్పటికి కొన్నేళ్ళే. సాలూరు వైపు నుంచి ఒకాయన, నడివయసు దాటినవాడు, ఒక ఎర్ర గుర్రాన్నీ జట్కానూ తోలుకుంటూ ఘాటీలెక్కి వచ్చాడు. కింద ఊళ్ళలో రిక్షాలూ బస్సులూ ఎక్కువైపోయి జట్కా ఎక్కేవాడు లేడట. ఇక్కడ రైలు దిగేవాళ్ళుంటారు, పోటీ ఉండదు అని ఎవరో చెప్పారట. పోటీ లేని మాట నిజమే. ఎక్కేవాళ్ళూ లేరు. రైలు వచ్చేది ఎప్పుడో ఒకప్పుడు. దిగిన నలుగురిలో ముగ్గురు మావాళ్ళే, నడిచిపోయేవాళ్ళే. ఆయన గుర్రానికి దాణా కొనలేక, ఎముకలు తేలిన గుర్రంతో మా ఊరి దాకా వచ్చి, పచ్చగడ్డి కోసుకుంటానని అడిగాడు. కోసుకోమన్నాం. ఆయన్ని ఊరంతా బండిమావ అనేవాళ్ళం. అప్ప ఒక్కతే అన్నా అని పిలిచేది.

ఒకరోజు ఆయన బండి అమ్మేసి కిందికి పోతానన్నాడు. అప్ప కర్ర పట్టుకుని కుంటుకుంటూ వచ్చి బండి ముందు కూర్చుంది.

"అమ్మేయకు అన్నా. నీ బండిలో నాకో వాటా ఇయ్యి."

ఆయన నవ్వాడు. "కుంటిదానివి, గుర్రాన్ని ఏటి సేసుకుంతావు సెల్లీ?"

"కుంటిదాన్ని కాబట్టే. రెండు కాళ్ళు సరిగుంటే నాకు నాలుగు కాళ్ళ జంతువెందుకు?"

అలా కుదిరింది. అప్ప మెడలో వెండి కంటె తీసి ఇచ్చింది. అది మా అమ్మ వేసింది. ఎదురింటి బావ మేకపోతుల్నిచ్చాడు. నేను గుర్రం సాలకూ, దాని పక్కన బండిమావ పాకకూ చోటూ, ఏటొడ్డున గడ్డి నేలా ఇచ్చాను. బండిమావ గుర్రాన్నీ బండినీ పెట్టాడు. నలుగురికీ సమాన వాటా. కాగితం లేదు. ఉన్నా చదివేవాడు లేడు. శుక్రవారం అప్పది. రైలు కిరాయి బండిమావది. మిగతా రోజులు నాకూ బావకూ, కట్టెలకో ఎరువుకో.

గుర్రం ఏ రోజు ఎవరిదైతే ఆ రాత్రి వాళ్ళ గడపలో కట్టేవాళ్ళం, వాళ్ళే మేపాలి. మా బావకు నోటి దురద. గుర్రం తన వంతుకు రాగానే పెళ్ళాన్ని కేకేసి, అల్లుడొచ్చాడు కాళ్ళకు నీళ్ళివ్వండి అనేవాడు. ఆ అల్లుడు నాలుగిళ్ళల్లో తిని బలిసింది. ఎముకలు కనిపించకుండా పోయాయి. చర్మం రాగిచెంబులా మెరిసేది.

నాకూ బావకూ ఆ బండి సుఖం. అప్పకు బతుకు. ఆ తేడా అందరికీ తెలుసు.

శుక్రవారం పొద్దున్నే ఆవిడ నూనె రాసి తల దువ్వుకుని గడపలో కూర్చునేది. జట్కా వెనక మెట్టు ఎత్తుగా ఉంటుంది కదా, బావ ఆవిడ కోసం ఒక పీట చెక్కాడు. ముందు గుర్రం మెడ పట్టుకుని నిలదొక్కుకుని, వెనక్కి వచ్చి పీట మీద కాలు పెట్టి ఎక్కేది. ఆవిడ మెడ పట్టుకున్నంత సేపూ ఆ గుర్రం చెవి కూడా కదిపేది కాదు. నేను ముట్టుకుంటే మాత్రం తోకతో కొట్టేది. బండెక్కాక ఆవిడ సరుకు మూటల మధ్య కూర్చుని, దారిలో కనబడిన వాళ్ళందరికీ ఏదో ఒకటి అనుకుంటూ పోయేది. నడిచి వెళ్ళేవాళ్ళను బేగి నడవండర్రా, సంత ఎత్తేత్తారు అని వెక్కిరించేది. నడవలేని మనిషి నడిచేవాళ్ళను వెక్కిరించడం చూసి బండిమావ కళ్ళాలు పట్టుకుని ఊగి ఊగి నవ్వేవాడు.

ఇక కొత్త పండగ గురించి చెప్పాలి.

మా కొండల్లో ఏ పంట వచ్చినా కొత్త చెయ్యకుండా నోట్లో పెట్టం. కొర్ర కొత్త, సామ కొత్త, చిక్కుడు కొత్త, దేనికదే. మా పూజారి దిసారి రోజు చూసి చెబుతాడు. ఆ రోజు కొత్త గింజ వండి ముందు దేవతకు పెడతాం, తర్వాత ఇంట్లో ఉన్న ప్రాణులన్నిటికీ పెడతాం. ముసలివాళ్ళకు, పిల్లలకు, ఎద్దుకు, ఆవుకు, కుక్కకు. ఆ రోజు మా ఇంట కొత్త తిన్నది మా ఇంటిది. తిననిది బయటిది. ఇందులో వాదన లేదు.

గుర్రం వచ్చిన మొదటి ఏడు కొర్ర కొత్త నాడు మూడిళ్ళవాళ్ళమూ చేటల్లో కొర్రలు పట్టుకుని వచ్చాం. బండిమావ అడ్డం నిలబడ్డాడు. ఇంటికి చిటికెడు చొప్పున గుర్రం పెదాలకు రాసి, చాలు పొండి అన్నాడు. గుర్రం కడుపు ఎద్దు కడుపు కాదు, లోపలికి పోయింది బయటికి రాదు అని ఏదో చెప్పాడు. మేం పైపైన విన్నాం. మాకు అది మర్యాద తక్కువగా అనిపించింది. పండగనాడు ఇంటికొచ్చిన అల్లుడికి చిటికెడు అన్నం పెట్టి పంపిస్తామా?

ఆ ఏడాది బండి ఇరుసు విరిగింది. బావ ఇంట్లో మేకలకు రోగం వచ్చి పోయాయి. అప్పకు చలిజ్వరం పట్టుకుని చాలా రోజులు వదల్లేదు. ఊరి పెద్దలు ఊరుకుంటారా? మీ గుర్రం కొత్త తినలేదు, ఏ గడపదీ కాకుండా నాలుగు గడపల్లో తిరుగుతోంది, అందుకే అన్నారు. అప్ప ఆ మాట మనసులో పెట్టుకుంది. తన శుక్రవారాలు ఆ జంతువు మీదే ఆధారపడి ఉన్నాయి. దానిమీద దేవత కన్ను పడితే? ఆవిడ భయం అది.

రెండో ఏడు వానలు తగ్గే సమయానికి బండిమావకు కింద నుంచి కబురొచ్చింది. కూతురు నిండు నెలలతో పడకేసిందని. కొత్తకు ఇంకా చాలా రోజులున్నాయి, ఈలోగా వచ్చేస్తానని రైలెక్కాడు. ఆయన లెక్క తప్పు కాదు. దిసారే రోజు ముందుకు జరిపాడు. కొర్ర ఆ ఏడు తొందరగా పండింది, పిట్టలు తినేస్తున్నాయి, కొత్త చెయ్యందే కోత కొయ్యడానికి లేదు. దిసారి తప్పూ కాదు.

కొత్తనాడు పొద్దున గుర్రం బావ గడపలో ఉంది. వాళ్ళు ఉడికించిన కొర్రలు చేట నిండా పెట్టారు. పొయినేటి లోటు కూడా తీరాలని బావ రెండోసారి పెట్టాడు. అది ఆబగా తింది. అక్కణ్ణుంచి మా గడపకు తెచ్చాం. నా భార్య దాని నుదుటికి పసుపు రాసి చేట పెట్టింది. మా ఇంట తిన్నాక పక్కనే ఉన్న అప్ప గుడిసెకు తీసుకెళ్ళాం. ఆవిడ తెల్లవారకముందే లేచి దంచి, తన భాగానికి వచ్చిన గింజలో మంచిదంతా దానికోసం తీసి ఉంచింది. తాను గంజి తాగి దానికి గింజ ఉంచింది. అప్పటికి గుర్రం నెమ్మదించింది. మూతి పక్కకు తిప్పింది. అప్ప చేటను దాని మూతి కిందే పట్టుకుని, దాని మెడ నిమురుతూ, తిను నాయనా, నా ఇంట్లోదే తిననంటావా, నాను పరాయిదాన్నా అని బతిమాలింది. ఆవిడ చేతిలోది అది ఎప్పుడూ కాదనలేదు. తింది. తర్వాత ఏటికి తీసుకెళితే కడుపారా నీళ్ళు తాగింది.

ఊరంతా తృప్తి పడింది. ఇప్పుడది మనదైంది అన్నారు.

మధ్యాహ్నం డప్పులు మోగుతున్నాయి. గుర్రం నేలను గిట్టతో గీరడం మొదలెట్టింది. మెడ తిప్పి తన డొక్క వైపే చూసుకుంటోంది. చెమట కారిపోతోంది. తర్వాత పడి దొర్లింది, లేచింది, మళ్ళీ పడింది. మాకు తెలిసింది ఎద్దు. ఎద్దుకు కడుపు ఉబ్బితే నోట్లో అడ్డంగా కర్ర కట్టి, వలిసెనూనె పోసి, డొక్కలు మర్దిస్తే తేన్చుతుంది, తగ్గిపోతుంది. అదే చేశాం. గుర్రం తేన్చదు, కక్కదు. అది మాకెవరు చెప్పారు? చెప్పినవాడు సాలూరులో ఉన్నాడు. దిసారి కోడిని కోశాడు. బావ నూనె పోస్తుంటే అది దగ్గింది, నూనె ముక్కులోంచి వచ్చింది. అప్ప దాని తల ఒళ్ళో పెట్టుకుందామని చూసింది. అది తల విసిరితే పక్కకు పడింది. లేచి మళ్ళీ వెళ్ళింది.

పొద్దు కొండ మీద ఉండగానే పోయింది. డప్పులు ఆపించాం.

ఎక్కడ పాతాలన్నది ఒక తగువు. ఊరిబయట ఈడ్చేద్దామన్నారు కొందరు. కొత్త తిన్నది ఇంటిది కదా, ఇంటిదాన్ని ఈడుస్తారా అని అప్ప అడిగింది. ఏటొడ్డున దాని గడ్డినేల్లోనే గొయ్యి తీశాం. గుర్రానికి ఎంత గొయ్యి కావాలో తవ్వితే గానీ తెలియదు.

తర్వాత మాటలు మొదలయ్యాయి. నాలుగు వాటాల గుర్రం, చావు మాత్రం ఎవరి వాటా? బావ ముందు చాటుగా, తర్వాత మొహం మీదే అన్నాడు. మా ఇంట తిన్నప్పుడు బాగానే ఉంది, నీ తమ్ముడింటా బాగానే ఉంది, అది వద్దని మూతి తిప్పుకుంటే బలవంతంగా తినిపించింది ఎవరు? చూసినవాళ్ళు చాలామంది. ఆడవాళ్ళు నీళ్ళ దగ్గర అదే మాట. అప్ప ఒక్కసారి కూడా ఎదురు చెప్పలేదు. సావుకారునే నిలబెట్టిన నోరు అది.

బండిమావ వచ్చేసరికి ఇంకో రెండు రోజులు పట్టింది. మనవడు పుట్టాడట. గుర్రానికని భుజాన తవుడు మూట మోసుకొచ్చాడు. బండి కాడి ఆకాశంలోకి ఎత్తి ఉండడం, ఏ గడపలోనూ గుర్రం లేకపోవడం దూరం నుంచే చూశాడు. నడక మెల్లగా అయింది. మా గడపలోకి వచ్చి మూట దించాడు. నేను చెప్పాను. ఆయన వింటూ నేల మీద కూర్చున్నాడు.

"ఎవులు మేపినారు?" అన్నాడు చివరికి.

బావ అప్ప వైపు చూశాడు. అప్ప గుడిసె గడపలో కూర్చుని ఉంది.

"నానే," అంది.

బండిమావ ఆవిడ వైపు చూశాడు, బావ వైపు చూశాడు, నా వైపు చూశాడు. నాకు తల దించుకోవాలనిపించింది.

"ఒక్కింటి తిండికి గుర్రం సావదు సెల్లీ," అన్నాడు.

అంతే. ఎవరినీ తిట్టలేదు. తిట్టినా బాగుండేది. తవుడు మూట బావ ఆవుకు ఇచ్చేశాడు.

ఇంకో గుర్రం కొనే శక్తి నలుగురికీ లేదు. ఇవ్వడానికి అప్ప మెడలో ఇంకో కంటె లేదు. శుక్రవారం వచ్చింది. తెల్లవారేసరికి బండిమావ జట్కాను అప్ప గడప ముందుకు తెచ్చి, రెండు కాడి కర్రల మధ్య తానే నిలబడ్డాడు. పీట తెచ్చి వేశాడు. నన్ను వెనకనుంచి తొయ్యమన్నాడు. ఒరే గుంటడా ఏటి సూస్తన్నావు, రా అన్నాడు. ముగ్గురు పిల్లల తండ్రిని, నన్ను గుంటడా అనేవాడు.

అప్ప నూనె రాసుకోలేదు. తల దువ్వుకోలేదు. గడపలోంచి ఆయన్ని చూసి,

"మనుసులు మొయ్యడానికి నానింకా సావనేదన్నా," అంది. "కాడి దించు."

ఆయన దించలేదు. చాలాసేపు అలాగే నిలబడ్డాడు. సంతకు పోయేవాళ్ళు చూసుకుంటూ పోయారు. ఎండ వచ్చాక దించాడు. ఆ వారంలోనే బండి చక్రాలు ఊడదీసి ఎవరికో ఇచ్చి కిందికి వెళ్ళిపోయాడు. వెళ్ళేముందు అప్ప గుడిసె ముందు కాసేపు కూర్చున్నాడు. ఏం మాట్లాడుకున్నారో తెలియదు. మళ్ళీ కొండెక్కలేదు.

తర్వాత శుక్రవారం అప్ప ఎవరికీ చెప్పకుండా కర్ర పట్టుకుని చీకటితోనే బయల్దేరింది. నెత్తిమీద చిన్న అల్లం మూట. నాకు పొలంలో ఉండగా తెలిసింది. పరుగెత్తాను. దారిలో ఎక్కడా లేదు. సంతకు చేరేసరికి సావుకార్లు గోనెలు కుట్టేసుకుంటున్నారు, కాటాలు మూటగడుతున్నారు. అప్ప తన చోటున కూర్చుని ఉంది. మూట విప్పలేదు. అప్పుడే చేరిందట. పాదం బొబ్బలెక్కి పగిలిపోయింది. ఆవిడతో ఎప్పుడూ కొట్లాడే సావుకారు దూరం నుంచి చూసి, పొద్దుటి ధరకే తీసుకుంటాలే, ఇయ్యమ్మా అన్నాడు. జాలిపడి అన్నాడు. ఆవిడ మూట అలాగే ఆయన ముందు పెట్టింది. కొలవమనలేదు. పోగు పెట్టాడో లేదో చూడలేదు.

నేను వంగి కూర్చున్నాను. ఆవిడ నా వీపు మీదికి ఎక్కింది. నా మెడ చుట్టూ చేతులు వేసింది. ఎంత తేలికగా ఉందో! దారిలో ఎదురైన వాళ్ళను ఎవరినీ ఏమీ అనలేదు. ఏటి దగ్గర దించి నీళ్ళు తాగించాను. గడ్డినేల వైపు మొహం తిప్పలేదు.

అప్పటినుంచి నా భార్యే సంతకెళ్ళింది. అప్ప చోటునే కూర్చుని అమ్మేది. ఆమెకు అంత నోరు లేదు, పోగు తొయ్యడం రాదు. క్రమంగా పక్క ఊళ్ళ ఆడవాళ్ళు సరుకు వేరేవాళ్ళ చేతికి ఇచ్చుకోవడం మొదలెట్టారు. డబ్బులు తెచ్చి ఇస్తే అప్ప తీసుకుని లోపల పెట్టేది. ఇప్పుడు మొహం తిప్పుకునేది కూడా కాదు.

మొదట్లో శుక్రవారం సాయంత్రం నా భార్య రాగానే, నన్నెవులైనా అడిగినారా అని వాకబు చేసేది. ఫలానా ఊరామె అడిగింది, ఫలానా ముసలమ్మ అడిగింది, సావుకారు అడిగాడు అని చెప్పేవాళ్ళం. ఆవిడ వాళ్ళ గురించి ఒక్కో ముక్క అడిగేది. కూతురు పురిటికొచ్చిందా, ఆ గేదె ఈనిందా అని. కొన్నాళ్ళకు అడిగేవాళ్ళు తగ్గారు. నా భార్య ఇంటికొచ్చేముందు దారిలో ఇద్దరు ముగ్గురి పేర్లు అనుకుని వచ్చేది, చెప్పడానికి. ఒకసారి అలా చెప్పిన పేరు అంతకుముందు వానల్లోనే చనిపోయిన ఆడమనిషిదట. మాకు అప్పటికి తెలియదు. అప్పకు తెలుసు.

ఆవిడ సరేలే అంది. మరి ఎప్పుడూ అడగలేదు.